నాలుగంగుళాల కత్తెర

అయినా మడత కత్తెర మీద మాత్రం నమ్మకం కుదరదు, తనలోకి తాను ముడుచుకుని కూర్చునే వస్తువు అవసరం వచ్చినప్పుడు విచ్చుకుంటుందని ఏమిటి నమ్మకం, అనుకున్నాడు భావనారాయణ. అనుకున్న తరవాత, ఆ మాట కత్తెర గురించేనా, మరెవరి గురించైనానా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. గబుక్కున దాన్ని మడిచి కౌంటరు మీద పెట్టేశాడు.

రాయగడ బజారులో అసిరయ్య ఫ్యాన్సీ షాపు తెరిచి ఎంతోసేపు కాలేదు. దేవుడి పటం దగ్గర అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. భావనారాయణ ఆ శుక్రవారం పొద్దున్న వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికల్లా చిన్న కత్తెర ఒకటి కొనాలి, పదికల్లా ఆఫీసులో ఉండాలి, సాయంత్రం కత్తెర ఇంటికి చేర్చాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడిగితే అతనికీ తోచేది కాదు.

కత్తెర అతని భార్యకు. ఆమె పూర్తి పేరు బాలాత్రిపురసుందరి, పిలిచేది బాల అని. పన్నెండేళ్ళుగా వీధిలో వాళ్ళకి జాకెట్లు కుడుతోంది. టికిరిలో, భావనారాయణ పనిచేసే సర్కారు ఆఫీసు తరఫునే, కొత్తగా ఆడవాళ్ళ కుట్టుశిక్షణ కేంద్రం పెడుతున్నారు, నేర్పడానికి ఒక టీచరు కావాలి. పరీక్ష శనివారం. పిలుపు ఉత్తరంలో కింద గీత గీసి మరీ రాశారు: చిన్న కత్తెర, సూదులు, దారం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, లేనివాళ్ళని పరీక్షకు కూర్చోనివ్వరు. బాల దగ్గరున్నది వాళ్ళ నాన్న వాడిన పదంగుళాల బట్టల కత్తెర. దాంతో కాజా తెరవబోతే చొక్కా రెండవుతుంది. బుధవారం రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె అంది: "సిన్న కత్తెర ఒకటి తెండి. సేతిసంచిలో పట్టాల. ఉద్యోగమొస్తే వారానికి మూడ్రోజులు రైల్లో పోవాల గదా, దార్లో కుట్టుకోడానికీ పనికొస్తాది."

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఈ పంతొమ్మిదేళ్ళలో బాల ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. అందుకే భావనారాయణ అంత చిన్న వస్తువు ముందు అంతసేపు నిలబడిపోయాడు. మడత కత్తెర తరవాత కొంగ ఆకారంలో ఉన్న బంగారు రంగు కత్తెర చూశాడు. అందంగా ఉంది గాని, ముక్కు మరీ సన్నగా ఉంది, రైలు కుదుపుకి సంచిలోంచి పక్కవాళ్ళని పొడుస్తుంది. ప్లాస్టిక్ పిడి కత్తెర చూశాడు. అది బడిపిల్లలకి రంగుకాగితాలు కత్తిరించడానికి, బట్టని నములుతుంది.

"ఏటి బాబూ, కత్తెర కొంతన్నావా, కూతురికి సమ్మంధం సూస్తన్నావా? పావుగంట పైనే అయ్యింది," అన్నాడు అసిరయ్య.

"రైల్లో తీసుకెళ్ళాలి అసిరయ్యా. సంచిలో గుచ్చుకోకూడదు. కుట్టుపనికి అక్కరకు రావాలి."

"ఆ మాట ముందే సెప్పొచ్చు గదా!" అసిరయ్య కిందనుంచి ఇంకో డబ్బా తీశాడు. "ఇది నాలుగంగుళాలు. ఉక్కు. పైన రెక్సిన్ తొడుగు, దానికి ప్రెస్ బటను. ఇలాగ్సూడు." ఒక మల్లుగుడ్డ పీలికని నీళ్ళలో తడిపి, కత్తెర కొసతో మాత్రమే పట్టి కత్తిరించాడు. అంచు పోగు లేవకుండా తెగింది. "మొదలుకాడ ఏ కత్తెరతోనైనా తెగుద్ది బాబూ. కొసన తెగిందా, అదీ కత్తెర."

భావనారాయణ జేబులోంచి ఒక ఇత్తడి టోపీ తీశాడు. సూది గుచ్చుకోకుండా బాల వేలికి తొడుక్కునేది. కొనడానికి బయల్దేరేముందు, వేళ్ళు పట్టే కన్నాల కొలత తెలియాలి కదా అనుకున్నాడు. బాల బొటనవేలు ఎంత లావుంటుందో గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ చేత్తో పెట్టిన అన్నం తిన్న మనిషికి ఆ వేలు గుర్తు రాకపోవడం అతనికే వింతగా తోచింది. చివరికి కుట్టుపెట్టెలోంచి ఈ టోపీని దొంగిలించి తెచ్చాడు. ఇప్పుడు దాన్ని కత్తెర కన్నంలో పెట్టి చూశాడు. అచ్చంగా సరిపోయింది.

"ఇదే," అన్నాడు.

అసిరయ్య కత్తెరని తొడుగులో పెట్టి, తొడుగుని కౌంటరు మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు భావనారాయణ తీసుకున్నాడు. ఆ ప్రాంతపు తెలుగువాళ్ళు ఎవరూ కత్తెరని చేతికి చెయ్యి అందించరు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు తీసుకోవాలి. లేకపోతే ఆ ఇద్దరికీ పోట్లాట తప్పదు. ఈ శాస్త్రం విషయంలో భావనారాయణ తల్లి పాపాయమ్మ మరీ కచ్చితం. మూడు రోజుల్లో జరిగి తీరుతుందని గడువు కూడా పెట్టింది.

నిజానికి భావనారాయణ స్వభావానికి ఈ ఆచారం కుట్టించినట్టుగా సరిపోయింది. అతను కత్తెర ఒక్కటే కాదు, ఏదీ ఎవరి చేతికీ ఇవ్వడు. జీతం గూట్లో పెడతాడు. పూలు కిటికీలో పెడతాడు. మాటలు కూడా అంతే, ఎవరివైపూ చూడకుండా ఇంటి మధ్యలో పెడతాడు. 'వంకాయ కూర బావుంది' అని గోడకి చెప్పి వీధిలోకి వెళ్ళిపోతాడు. కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఈ పద్ధతి వల్ల ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా చిన్న గొడవైనా జరగలేదు. గొడవ కాకుండా మరింకేమైనా జరిగిందా అంటే, దాని గురించి అతను ఆలోచించడు.

ఆఫీసులో అతని పని రికార్డు గదిలో. పాత ఫైళ్ళ మధ్య కూర్చుని, పదకొండు గంటలకి, ఒక్కసారి చూసుకుంటే ఏం పోయిందని కత్తెర బయటికి తీశాడు. ఫైలుకి కట్టే ఎర్ర నాడా కొసని కత్తిరించి చూశాడు. కొసన తెగింది. పట్టరాని ఆనందం కలిగింది. ఆ ఆనందంలో, గుమ్మంలో హెడ్‌క్లర్కు సుందరరావు నిలబడి ఉన్న సంగతి గమనించలేదు.

"అదేటయ్యా నారాయణా, తళతళ్ళాడుతోంది? ఏదీ, ఇలా ఇయ్యి."

చెయ్యి చాపాడు సుందరరావు. భావనారాయణ అలవాటు కొద్దీ చేతికివ్వలేదు. కత్తెరని టేబుల్ మీద పెట్టాడు.

అదే పొరపాటు. ఆ ఆఫీసులో సుందరరావు నడిపే ధర్మం ఒకటుంది. జేబులో ఉన్నది మనిషిది, టేబుల్ మీద ఉన్నది సర్కారుది. ఈ ధర్మం కింద ఇప్పటికి రెండు పెన్నులు, ఒక గొడుగు, ఎవరిదో అల్యూమినియం అన్నండబ్బా సర్కారులో కలిసిపోయాయి.

"దేవుడు పంపించేడయ్యా!" అన్నాడు సుందరరావు కత్తెరని పైకెత్తి. "రేపు టికిరిలో మన కుట్టుశిక్షణ కేంద్రం ప్రారంభం కదా. జయపురం రైసుమిల్లు పాత్రో గారు రిబ్బను కత్తిరిస్తారు. మిషన్లు ఆయనే ఇచ్చేరు. మన ఆఫీసు కత్తెర చూద్దామంటే, అటెండరు దాంతో మందారాలు కత్తిరించి తుప్పు పట్టించేడు. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటున్నాను."

భావనారాయణ నోరు తెరిచాడు. చెప్పవలసినవి ఏడంటే ఏడు మాటలు: 'అది నా భార్యది, రేపు ఆమెకి పరీక్ష ఉంది.' కాని ఆ మాటలు గొంతు దాకా వచ్చి అక్కడ ఒక సమావేశం పెట్టుకున్నాయి. పరీక్ష అంటే ఏ పరీక్ష అంటాడు. టికిరిలోదే అనాలి. ఓహో, మన ఆఫీసువాడి పెళ్ళామా, సిఫార్సు కోసం కత్తెర చూపిస్తున్నావా అంటాడు. అనకపోయినా అనుకుంటాడు. అనుకోకపోయినా, అనుకున్నాడేమో అని తాను అనుకుంటాడు. సమావేశం ముగిసేసరికి సుందరరావు గదిలో లేడు. వరండాలో అటెండరు కుర్చీలకి వేసే తెల్లరంగుతో కత్తెర పిడి మీద ఆఫీసు నంబరు వేస్తున్నాడు.

తొడుగు మాత్రం భావనారాయణ చేతిలో మిగిలింది. ఆ పూటంతా చేతులకేం తోచక, రికార్డు గది తాళంచెవిని అందులో దూర్చి తీస్తూ, దూర్చి తీస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం ప్రారంభోత్సవం ఆహ్వానాలు రాయించి వదిలేసరికి చీకటి పడబోతోంది. పరుగులాంటి నడకతో బజారుకి వెళ్ళాడు. అసిరయ్య షాపులో అప్పుడే దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

"అసిరయ్యా, పొద్దుటిలాంటి కత్తెరే ఇంకొకటి కావాలి."

అసిరయ్య కళ్ళు తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు. "శుక్రారం. దీపాలెట్టీసేను. ఇప్పుడు కత్తెరమ్మీసి, లచ్చిందేవిని నీ ఎనకాల పంపీమంతావా?"

"పోనీ రేపు పొద్దున్నే?"

"రేపేటి వారం? శనివారం! శనివారంనాడు ఇనుము నీకమ్మితే మీయమ్మ ఇక్కడికొచ్చి నన్ను నిలువునా కడిగీదా? సోమారం రా. డబ్బా డబ్బా ఇచ్చీగల్ను."

మరి రెండు షాపుల్లోనూ అడిగాడు. ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా కత్తెరలున్న డబ్బాని గుడ్డతో కప్పాడు.

భోజనం అయ్యాక చెప్పేద్దాం అనుకుని భావనారాయణ ఇంటికి చేరాడు. జేబులోవన్నీ ఎప్పటిలాగే గూట్లో పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గూట్లో తొడుగు లేదు. పాపాయమ్మ దాన్ని చీర కొంగుతో పట్టుకుని బాల సంచిలో వేస్తోంది.

"కత్తెర తెచ్చేవు గదా నాయనా! మంచి పని సేసేవు, శనివారం పడకుండా. మీరిద్దరూ ముట్టుకోకండి. సేతికి సెయ్యి తగిల్తే మూడ్రోజుల్లో కొట్టుకుంటారు. నేను ఏసీసేను."

బాల సంచిని పైనుంచి తడిమి చూసింది. లోపల గట్టిగా, చిన్నగా, ఇనుములా తగిలింది. "తెచ్చేరా," అంది. "ఇంత సిన్నదే అనుకున్నాను," అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక భావనారాయణ నోరు పూర్తిగా మడత పడిపోయింది. మంచం మీద వాలి, తనకి తాను ధైర్యం చెప్పుకున్నాడు. ఎంత ఆలోచిస్తే అంత మంచిగానే కనిపించింది. కత్తెర ఎక్కడికి పోయింది? టికిరికే. బాల ఎక్కడికి వెళ్తోంది? టికిరికే. ముందు రిబ్బను కత్తిరిస్తారు, ఆ తరవాతే పరీక్ష. రిబ్బను కత్తిరించాక ఆ కత్తెరతో ఎవరికేం పని? అడిగి తీసుకుని గూట్లో, అదే, బాల పక్కన పెడితే సరి. పైగా ఆమెకి మోసుకెళ్ళే బరువు తగ్గింది. ఇలా ఆలోచించి, తాను చేసిన పని ముందుచూపుతో చేసిందే అని దాదాపు నమ్మి నిద్రపోయాడు.

మర్నాడు రెండో శనివారం, ఆఫీసుకి సెలవు. బాలని రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్ళాడు. ఎందుకో తెలియకుండానే రెండు టికెట్లు తీసుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద మూడుసార్లు "బాలా" అన్నాడు. మొదటిసారి "మంచినీళ్ళున్నాయా?" అని ముగించాడు. రెండోసారి "ఎండగా ఉంటుందేమో" అన్నాడు. మూడోసారి పాసింజరు బండి కదిలింది. చెప్పకుండా ప్లాట్‌ఫారం మీద ఉండిపోవడం కంటే చెప్పకుండా ఎక్కడం తేలికని ఎక్కేశాడు.

"మీరెందుకొస్తన్నారు?" అంది బాల ఆశ్చర్యంగా.

"ఊరికే," అన్నాడు.

బాల కిటికీ పక్కన కూర్చుని సంచిలోంచి ఎవరిదో జాకెట్టు తీసింది. ఆదివారం ఇస్తానని ఒప్పుకున్నది, హుక్కులు కుట్టాలి. కొండలు దగ్గరికి వస్తున్నాయి. మొదటి హుక్కు అయింది. దారం తెంపడానికి నోటి దాకా తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సంచిలో చెయ్యి పెట్టింది. కొత్త వస్తువుని మొదటిసారి వాడబోయే మనిషి ముఖంలో ఉండే వెలుగుతో తొడుగు ప్రెస్ బటను విప్పింది. ఇత్తడి తాళంచెవి ఒకటి ఒళ్ళో పడింది.

"ఏటండీ ఇది?"

"తాళంచెవి."

"అది తెలస్తంది. కత్తెరేదీ?"

సరిగ్గా అప్పుడు బండి సొరంగంలోకి దూరింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. చీకటి భావనారాయణకి ఎప్పుడూ కలిసొచ్చేది. ఎదుటి మనిషి ముఖం కనపడకపోతే మాటలకి భయం ఉండదు. మొత్తం చెప్పేశాడు. ఎర్ర నాడా, టేబుల్, తెల్లరంగు, అసిరయ్య, గూడు, ఏదీ దాచలేదు. ఇంత వివరంగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. గుండె తేలికైంది. బండి వెలుగులోకి వచ్చింది.

"ఏటన్నారు? సొరంగం సప్పుడికి ఒక్క ముక్కా వినబళ్ళేదు," అంది బాల.

అతను తరవాతి సొరంగం కోసం కిటికీలోంచి ముందుకి చూశాడు. అది ఇంకా దూరంగా ఉంది. వెలుతురులోనే మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఈసారి నాలుగు ముక్కల్లో చెప్పాడు. బాల విన్నది. దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది. ఆ చప్పుడు అతనికి సొరంగం కంటే గట్టిగా వినిపించింది.

"అంటే నా కత్తెర జీపులో పోతంది."

"ఆ."

"నేను పాసింజరు బండిలో పోతన్నాను."

"ఆ."

"నన్ను కూడా ఆ టేబుల్ మీద పెట్టీవలసింది. జీపులో తీసుకుపోదురు."

అతను తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. బాల రెండో హుక్కు మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అంది: "కత్తెర లేకపోతే కూకోనివ్వరు. గీత గీసి రాసేరు. పదిమందిమి వస్తన్నాం. ఒక్కటే ఉద్యోగం. నేను పన్నెండేళ్ళు ఎవరెవరి కొలతలకో కుట్టేను. ఒక్కసారి నాకోసం బయల్దేరేను."

"ప్రారంభం అవగానే అడిగి తెచ్చిస్తాను."

"మీరు? అడుగుతారా?"

"అడుగుతాను."

నిన్న పొద్దున్న తాను మడత కత్తెర వైపు ఎలా చూశాడో, బాల అతనివైపు అలా చూసింది.

టికిరిలో కేంద్రం ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా ఉన్నాయి. గుమ్మానికి అడ్డంగా వెడల్పాటి ఎర్ర సాటిన్ రిబ్బను కట్టారు. అది తెగితే గాని ఎవరూ లోపలికి వెళ్ళలేరు. పరీక్షకి వచ్చిన తొమ్మిదిమంది ఆడవాళ్ళు పక్కన నిలబడి ఉన్నారు. తొమ్మిదిమంది దగ్గరా తొమ్మిది కత్తెరలున్నాయి. బాల వెళ్ళి పదో మనిషిగా నిలబడింది.

భావనారాయణ ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకుంటూ సుందరరావు దగ్గరికి వెళ్ళాడు. ఏడు మాటలూ నోట్లో వరసగా పేర్చుకున్నాడు.

"సార్, అది..."

"నువ్వొచ్చేవా నారాయణా! బతికించేవయ్యా. సెలవని అటెండరు రాలేదు. ఇదిగో, ఈ పళ్ళెం పట్టుకో. ఇక్కడ నిలబడు. కదలకు."

అలా భావనారాయణ చేతుల్లోకి ఇత్తడి పళ్ళెం వచ్చింది. పళ్ళెంలో పట్టుగుడ్డ, గుడ్డ మీద రెండు చామంతులు, చామంతుల మధ్య బాల కత్తెర. తన ముక్కుకి జానెడు దూరంలో అది మెరుస్తోంది. పది గజాల దూరంలో బాల చూస్తోంది. పంతొమ్మిదేళ్ళ కాపురం తరవాత, భార్యకి ఇవ్వవలసిన వస్తువు ఒకటి పళ్ళెంలో పెట్టుకుని ఊరందరి ముందూ ఇంకెవరికోసమో ఎదురుచూడడం అతనికి కొత్తగా అనిపించలేదు. అదే అతన్ని భయపెట్టింది.

పాత్రో గారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. మనిషి భారీగా, నవ్వుముఖంతో ఉన్నారు. బస్తాలు మోసి పైకి వచ్చిన చేతులు. కత్తెరని చూసి, "ఆరే! బొమ్మలకా ఇది?" అని నవ్వారు. భావనారాయణ పళ్ళెం ముందుకి చాచాడు. పాత్రో గారు బొటనవేలు కన్నంలో పెట్టారు. పట్టలేదు. అందరూ చూస్తున్నారు, ఫొటోగ్రాఫరు మోకాలి మీద కూర్చున్నాడు. ఆయన వేలిని అటూ ఇటూ మెలి తిప్పి బలంగా నొక్కారు. కణుపు దాటి లోపలికి వెళ్ళింది.

ఆ తరవాత కత్తెర తెరుచుకోలేదు, మూసుకోలేదు, బయటికి రాలేదు.

"సార్, ఇటు చూసి నవ్వండి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"నవ్వడానికేముంది, వేలు రాడం లేదు!" అన్నారు పాత్రో గారు.

సుందరరావు లాగాడు. ఇంకొకాయన సుందరరావుని లాగాడు. వేలు ఉబ్బి వంకాయ రంగుకి తిరిగింది. ఎవరో సబ్బన్నారు, ఎవరో నెయ్యన్నారు. ఒకాయన మాత్రం చాలా ప్రశాంతంగా, "డొరగుడలో ఫ్యాక్టరీ పని జరుగుతోంది కదండీ. అక్కడ్నుంచి కటింగు మిషనుతో వెల్డరుని తెప్పిస్తే నిమిషం పని," అన్నాడు. జీపు వెంటనే డొరగుడ వైపు వెళ్ళిపోయింది.

"నా వేలికి వెల్డరా?" అన్నారు పాత్రో గారు. నవ్వు పూర్తిగా పోయింది. "అసలు ఈ కత్తెర ఎవరిది?"

సుందరరావు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా ఆఫీసుది కాదు సార్. ఈ నారాయణ సొంత కత్తెర. నిన్న తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టేడు."

పాత్రో గారు వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, పిడి మీద తెల్లరంగుతో వేసిన ఆఫీసు నంబరు పైకి చదివారు. షామియానా కింద కొందరు నవ్వారు. సుందరరావు ఆకాశంకేసి చూశాడు. భావనారాయణ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. తాను నిన్నంతా చెప్పలేకపోయిన సంగతిని, అడగకుండానే, సుందరరావే అందరి ముందూ చెప్పేశాడు. ఇంత తేలికా?

అప్పుడు తొమ్మిది కత్తెరల పక్కనుంచి కత్తెర లేని మనిషి ముందుకి వచ్చింది.

"బాబూ, సెయ్యి పైకెత్తి పట్టుకోండి. కిందకి దించితే ఇంకా ఉబ్బుద్ది," అంది బాల. సంచిలోంచి దారపు రీలు, సూది, కొబ్బరినూనె సీసా తీసింది. నూనె కుట్టుమిషనుది కాదు, తలకి రాసుకునేది. "ఏలికి పట్టీసిన ఉంగరాలు సానా తీసేను. ఇది ఇంకో రకం ఉంగరం, అంతే."

దారం ఎక్కించిన సూదిని తిరగేసి, మొద్దుగా ఉన్న వైపునుంచి కత్తెర కన్నానికీ వేలికీ మధ్య మెల్లగా దూర్చి, దారం కొసని చేతి వైపు లాగి పట్టుకుంది. మిగిలిన దారాన్ని కణుపు మీదుగా గోరు దాకా, ఖాళీ లేకుండా, బిగించి చుట్టుకుంటూ వెళ్ళింది. ఉబ్బు అణిగింది. పైన నూనె రాసింది. తరవాత మొదటి కొసని పట్టుకుని ఒక్కొక్క చుట్టూ విప్పుతూ పోయింది. విప్పిన ప్రతి చుట్టుకీ కత్తెర ఒక నూలుపోగు మందం పైకి జరిగింది. తొమ్మిదిమంది పోటీదార్లూ పరీక్ష సంగతి మరిచిపోయి మెడలు చాచి చూశారు. కణుపు దగ్గర పాత్రో గారు ఒకసారి "ఓ మా!" అన్నారు. అంతే. కత్తెర ఊడి ఆయన అరచేతిలో పడింది.

చప్పట్లు మోగాయి. పాత్రో గారు వేలిని అటూ ఇటూ ఆడించి, ఉందని నిశ్చయం చేసుకుని, కత్తెరని పళ్ళెంలో పెట్టి రెండడుగులు వెనక్కి వేశారు.

"నేనిక దీంట్లో వేలు పెట్టను. అమ్మా, నువ్వే కత్తిరించు. ఈ తలుపు నీ చేత్తో తెరుచుకోనీ."

"నా దగ్గర కత్తెర లేదు బాబూ," అంది బాల. అంటూ ఆమె చూసింది పాత్రో గారి వైపు కాదు.

పళ్ళెం భావనారాయణ చేతుల్లోనే ఉంది. అలా పట్టుకుని నిలబడితే చాలు, ఆమే వచ్చి తీసుకుంటుంది. ఎప్పుడూ అలాగే తీసుకుంది. జీతాన్ని గూట్లోంచి, పూలని కిటికీలోంచి, వంకాయ కూర బావుందన్న మాటని గోడమీంచి. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. అతని మనసు ఆ దారినే పోయింది, పోయి, మొదటిసారి అక్కడ కూర్చోబుద్ధి కాక లేచి వచ్చింది.

పళ్ళేన్ని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాడు. కత్తెర తీశాడు. నూనెని తన జేబురుమాలుతో తుడిచాడు. తెల్లరంగు నంబరు కూడా సగం ఊడి వచ్చింది.

"ఏయ్ నారాయణా! చేతికివ్వకు! కింద పెట్టవయ్యా!" అన్నాడు సుందరరావు వెనకనుంచి.

భావనారాయణ బాల ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. మొన తన గుప్పిట్లో ఉంచుకుని, పిడి ఆమె వైపు తిప్పాడు. పేర్చుకున్న ఏడు మాటలూ వెతికితే ఒక్కటీ కనపడలేదు. కొత్తవి రెండు దొరికాయి.

"ఇది నీది," అని ఆమె ముఖంలోకి చూస్తూ, కత్తెరని ఆమె చేతిలో పెట్టాడు.

కత్తెర చేతికిస్తే మూడు రోజుల్లో గొడవ తప్పదన్న పాపాయమ్మ మాట రెండో రోజుకే నిజమైంది, ఇక వారానికి మూడు రోజులు బాల ఉద్యోగానికి రైలెక్కుతుంది గనక ఆ రోజుల్లో పొద్దున్నే టీ ఎవరు పెట్టాలన్న దాని మీద.